కట్టెకు నోరు

మా ఇంట్లో గరుకును గరుకు అనేవాళ్లు కాదు, నోరు అనేవాళ్లు. రందాతో చిత్రిక పట్టిన చెక్క మీద ఎక్కడైనా చర్మానికి పట్టుకుందంటే "దీనికింక నోరున్నది" అనేది మా అత్తమ్మ. రేగ్‌మాల్ కాగితంతో రుద్ది రుద్ది నునుపు తేల్చాక "ఆఁ, నోరు మూసింది" అనేది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ మాటలు నన్నే అంటోందనుకుని రెండు రోజులు ఏడ్చాను.

సిద్దిపేటలో వడ్రంగం చేసే మా వడ్లోళ్ల ఇంట్లో రందా, ఉలి మగవాళ్లవి. రుద్దడం ఆడవాళ్లది. చెక్కను ఇటుకల మీద పరిచి, పీటలు వేసుకుని ఆ దిక్కు ఆమె, ఈ దిక్కు నేను కూర్చునేవాళ్లం. పదకొండేళ్లు అట్లా కూర్చున్నాం. ఇంట్లో ఇంకెక్కడా మేమిద్దరం అంతసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నది లేదు. మా అత్తమ్మ పేరు ఐలవ్వ. ఆమె అరచేతులు కాయలు కాసి ఎప్పుడో మొద్దుబారాయి. అందుకని పని తేలిందో లేదో చేత్తో చూసేది కాదు. వంగి, కళ్లు మూసుకుని, ఎడమ చెంప చెక్కకు ఆనించి మెల్లగా జరిపేది. ఆమె 'మూసింది' అంటే ఇక పాలిష్ పట్టడమే. మా ఆయన నర్సింహాచారి కూడా ఆ మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, శ్రావణమాసంలో, మా ఇంటి నుంచి పోయిన తలుపు ఒకటి వాపసు వచ్చింది. అట్లా రావడం అదే మొదలు. పాలిష్ పట్టి పంపిన నాలుగో రోజు చేయించుకున్నవాళ్లే ట్రాలీలో తెచ్చి వాకిట్లో నిలబెట్టిపోయారు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే, నడుమ పలకంతా పిల్లి గీరినట్టు గీతలు.

"గిది ఎవరు రుద్దిన్రు?" అన్నాడు మా ఆయన.

"నేనే," అన్నది అత్తమ్మ. దగ్గరికి పోయి ఎడమ చెంప పెట్టింది. తీసి, మళ్లీ పెట్టింది. తర్వాత తల తిప్పి కుడి చెంప పెట్టింది. "ఔ బిడ్డా, ఉన్నది నోరు. ఎట్ల తప్పిపోయిందో ఏమో."

ఆయన తలుపును లోపలికి మోసుకుపోయాడు.

ఆ వారమే నారాయణరావుపేట సుమిత్రమ్మ వచ్చింది. సిద్దిపేటలో కొత్త ఇల్లు కట్టుకుంటోంది. పన్నెండు మంది కూర్చుని తినే బల్ల కావాలన్నది. టేకు. ఏడున్నర అడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. దసరా వెళ్లగానే గృహప్రవేశం. అంత వెడల్పు పని మా ఇంటికి అంతకుముందెన్నడూ రాలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఆయనతో అన్నాను. "గంత వెడల్పు చేతులతోని అయితదా? రుద్దే మిషన్ కొనుక్కరా. అత్తమ్మకు ఇగ తెలుస్తలేదు. ఇదిగిన వాపసొస్తే ఇజ్జత్ పోతది."

ఇజ్జత్ అన్నాను గానీ నా బాధ అది కాదు. నా చేతులు నాకు కావాలి. అన్నం కలిపితే వేళ్ల పగుళ్లలో కారం మండేది. "మీ అవ్వగారింట్ల అన్నం వెట్టలేదానే, గట్ల నిమురుతున్నవ్?" అనే అత్తమ్మ మాట రోజూ ఎదురుగా కూర్చుని వినడం కూడా చాలనిపించింది.

గోడ అవతల అత్తమ్మ బియ్యం చెరుగుతోంది. చాట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

*

వినాయకుల నిమజ్జనమైన తెల్లారి బజారుకు పోయాం. మిషను పట్టేది నేనే కాబట్టి నన్ను రమ్మన్నాడు. అత్తమ్మను ఎవరం రమ్మనలేదు. మేం చెప్పులు వేసుకునేసరికి ఆమె నెత్తిన కొంగు కప్పుకుని గల్మలో, గడప మీదే నిలబడి ఉంది.

అబ్దుల్ రహీం దుకాణంలో మా ఆయన చిన్నప్పటి నుంచి ఉలులు, మొలలు కొంటున్నాడు. రహీం భాయ్ రెండు మిషన్లు తీసి ముందు పెట్టాడు. ఒకటి గుండ్రటిది, ఒంటి చేత్తో పట్టుకునేది. రెండోది పెద్దది, ఇస్త్రీ పెట్టెలాగా బరువైంది. అడుగున వెడల్పాటి పలక ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకోవాలి.

"చిన్నది అలకగున్నది గదా," అన్నాను.

"అలకనే చెల్లె. కుర్సీ కాళ్లకు, చిన్న చిన్న పలకలకు మంచిగనే ఉంటది. నాలుగడుగుల వెడల్పు మీద తిప్పితే మాత్రం ఒక్కకాడ ఎక్కువ తింటది, ఒక్కకాడ తక్కువ తింటది. లోతు లోతు వడ్తది. పెద్దదానికి అడుగు వెడల్పు గదా, ఎత్తున్నకాడనే తాకుకుంట సాపుగ పోతది." రహీం భాయ్ గుండ్రటిదాన్ని వెల్లకిలా తిప్పి చూపించాడు. "ఇంకోటి, దీనికి గీ అతుకుడు బిళ్లలు గావాలె. పట్నంకెల్లి రావాలె. రేపటిసంది సమ్మె, బస్సులు ఉంటయో లేవో. పెద్దదానికైతే మీరు వాడే రేగ్‌మాలే. సగానికి చింపి, అటో క్లిప్పు ఇటో క్లిప్పు."

"దుమ్మెట్ల?" అన్నాడు మా ఆయన.

"ఎనక సంచి ఉన్నది. సగం దుమ్ము అండ్లకు పోతది."

"కడమ సగం?"

"కడమ సగం మా చెల్లె ముక్కులకు," అని నవ్వాడు.

రెండు టేకు ముక్కలు తీసుకుని ఒకదాన్ని చిన్న మిషనుతో, ఒకదాన్ని పెద్ద మిషనుతో రుద్దాడు. పొడి ఊది అత్తమ్మ వైపు జరిపాడు. "నీ అంత తెలిసినోళ్లు సిద్దిపేట్ల లేరవ్వా. నువ్వు చెప్పు, ఏది మంచిగొచ్చింది?"

అత్తమ్మ వంగి మొదటి ముక్కకు ఎడమ చెంప పెట్టింది. చాలాసేపు ఉంచింది. రెండో ముక్కకు పెట్టింది. కొనడానికి వచ్చిన వాళ్లు చూస్తున్నారు. నాకు విసుగొచ్చింది. అప్పుడామె మాకు వీపు చేసి, రెండు ముక్కలనూ వెలుతురులోకి పట్టుకున్నట్టే పట్టుకుని, కుడి చెంపతో మళ్లీ చూసింది.

"పెద్దదే," అన్నది. "చిన్నదానికి నడిమిట్ల సన్నగ నోరున్నది. పెద్దది మూసింది."

రహీం భాయ్ తడిగుడ్డతో రెండూ తుడిచాడు. చిన్న మిషను ముక్క మీద దారప్పోగంత సన్నటి సున్నలు తేలాయి. రెండో ముక్క శుభ్రంగా ఉంది.

"అరె, నీకు మిషనెందుకే అవ్వా!" అన్నాడు. పెద్దదాన్ని పెట్టెలో సర్దుతూ నాతో అన్నాడు, "ఒక్కటి యాదుంచుకో చెల్లె. మీద బలం పెట్టొద్దు. దాని బరువు దానికి చాలు. ఒత్తితే ఇది గూడ సున్నలు చుడ్తది. అప్పుడు కనవడయి. పాలిష్ వడ్డంక బయటవడ్తయి. కోపంల ఉన్నప్పుడైతే అసలే పట్టకు."

ఆటోలో అత్తమ్మ పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. "దీనికి ఎదురుంగ ఎవరు కూసుంటరురా?" అని అడిగింది కొడుకును.

"ఎవ్వరు కూసునేదుండదే అవ్వా. ఒక్కలే రుద్దుడు. నువ్వింక ఆరాం చెయ్యి."

"ఓహో," అన్నది.

*

తెల్లారి నుంచి సమ్మె. బడులు, కచేర్లు మూసేశారు. కొన్నాళ్లకు బస్సులూ ఆగాయి. బొగ్గు బాయిల్లో పని బందయింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మిషను పెట్టెలోంచి బయటికొచ్చి వారమైనా దాని గొంతు మేం సరిగ్గా వినలేదు.

మా ఆయన పొద్దున్నే సమ్మె శిబిరానికి పోయేవాడు. వాడకట్టు మగవాళ్లంతా అక్కడే ఉండేవాళ్లు. "కరెంటొస్తే మిషన్ పట్టు. లేకుంటే ఎప్పటిలెక్కనే," అని చెప్పిపోయేవాడు.

ఎప్పటిలెక్క అన్న మాటకు అత్తమ్మ మొహం విప్పారింది. బల్ల పలకను ఇటుకల మీదికి ఎక్కించగానే పీటలు తనే తెచ్చి వేసింది. ఎప్పుడూ వాకిలికి ఎదురుగా కూర్చునేది. ఈసారి నా చోటు అడిగింది.

"ఎందుకత్తమ్మా? వాకిట్ల పొయ్యేటోళ్లందరిని పలకరియ్యందే నీకు చెయ్యాడదు గద."

"వెలుతురు కండ్లల్ల కొడ్తుందే. జరుగు."

జరిగాను. ఇప్పుడు వాకిట్లోంచి వచ్చేవాళ్లకు ఆమె వీపే కనబడుతుంది.

పక్కింటి దుర్గవ్వ గిన్నెలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆ రోజు సమ్మెలో భాగంగా రోడ్డు మీద వంటావార్పు. "ఏందే ఐలవ్వా, దునియంత రోడ్డు మీదుంటే నువ్వింక కట్టెనే రుద్దుతున్నవా? తెలంగాణ వద్దా నీకు?"

"వచ్చినంక కూసోని తిననీకె టేబుల్ వద్దానే? మీరు తెండ్రి, నేను సాపు చేసి పెడ్త," అన్నది అత్తమ్మ, వెనక్కి తిరగకుండానే.

దుర్గవ్వ నవ్వుకుంటూ పోయింది. నాకూ నవ్వొచ్చింది. ఆ పది పన్నెండు రోజుల్లో అత్తమ్మ మాట్లాడినంత పదకొండేళ్లలో మాట్లాడలేదు. చెంపతో చూడడం ఎట్లా తెలిసిందో కూడా అప్పుడే చెప్పింది.

"మీ ఆయిన పుట్టి నెల గాలే. మా అత్త బండి పలకలు తెచ్చి ముంగట ఏసింది. రుద్దంగ రుద్దంగ చేతులు ముండ్ల లెక్కయినయి. పిల్లగాని మొకం నిమిరితె గుక్కపట్టి ఏడుస్తుండె. చెయ్యి పెట్టుడు బందుచేసి చెంపతోని చెంప రాసేదాన్ని. అప్పుడెర్కయింది, చేతికన్న చెంపకే ఎక్కువ తెలుస్తదని." చేతిలో రేగ్‌మాల్ మడత మార్చుకుంది. "నువ్వు పెట్టి సూడరాదు పిల్లా. నేర్సుకో. రేపు నేను లేకుంటె నీకెవరు చెప్తరు, మూసిందో లేదో?"

"మిషనున్నది గద," అన్నాను.

చాయ తాగుతుంటే ఆమె ఎడమ మూతి పక్క నుంచి కారి చెక్క మీద పడింది. "అయ్యో అత్తమ్మా! టేకు మీద మరక పోదు. జర సూస్కోని తాగరాదా?" అని గబగబా తుడిచాను. ఆమె కొంగుతో మూతి అద్దుకుంది. అప్పటినుంచి చెక్క దగ్గర చాయ తాగలేదు. వంటింట్లో, గోడవైపు తిరిగి తాగేది.

బతుకమ్మ పండుగ రేపనగా ఆమె సగం అయిపోయింది. పలకలు అతికిన మధ్యగీత దాకా తేల్చి, కుడి చెంపతో చూసుకుని, "నోరు మూసింది" అన్నది. నా సగం ఇంకా ఉంది. లేచి నా దిక్కుకు వచ్చింది. ఎడమ కాలు కొంచెం ఈడ్చినట్టు నడిచింది. పొద్దంతా కూర్చోవడం వల్ల పట్టేసిందనుకున్నాను. వంగి నా పని మీద చెంప పెట్టింది.

"ఇంక నోరున్నదే. కొస పొంటి మల్ల పట్టు."

పొద్దున్నుంచి పట్టీ పట్టీ నా భుజాలు పడిపోతున్నాయి. రేపటికి పూలు కోయాలి, ఇల్లు అలకాలి.

"ముందుగాల నీ చెంపకు తెలివి రానియ్యి అత్తమ్మా," అన్నాను. "తలుపు వాపసొచ్చింది నేను రుద్దినదానికి కాదు."

ఆమె వంగినది వంగినట్టే ఉంది. చెంప చెక్క మీదే ఉంది, కళ్లు మూసే ఉన్నాయి. అప్పుడే గుడగుడమంటూ ఫ్యాను తిరిగింది. కరెంటు వచ్చింది. నేను లేచి మిషను తీసి వైరు పెట్టాను. అత్తమ్మ మెల్లగా పక్కకు జరిగింది.

దాని చప్పుడుకు ఇంకేమీ వినబడలేదు. నాకు కావాల్సిందీ అదే. రెండు చేతులతో పట్టుకుని, మీద పడి, నా సగమంతా రుద్దాను. గంటకు కరెంటు పోయింది. తల ఎత్తి చూస్తే ఎదుటి పీట ఖాళీగా ఉంది.

*

తెల్లారి ఆమె వెనక వాకిట్లో తంగేడు పూలు ముందేసుకుని కూర్చుంది. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. అలిగిందనుకున్నాను. అలిగితే అలగనీ అనుకుని ఇల్లు అలుక్కున్నాను. మూడోసారి పోయి చూస్తే కుడి చేత్తో పూలు ఏరుతోంది. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది, దాని కింద పూలు నలిగి ఉన్నాయి. మూతి ఒక పక్కకు పోయింది. నన్ను చూసి ఏదో అనబోయింది. మాట రాలేదు.

చౌరస్తాలో ఆ రోజు కూడా రోడ్డు మీద వంటలు. ఆటోలో అత్తమ్మను చూడగానే దుర్గవ్వ మండుతున్న పొయ్యి మీద బిందెడు నీళ్లు కుమ్మరించింది. మా ఆయన, ఇంకో నలుగురు వేడి రాళ్లు కాళ్లతో తోసి దారి చేశారు. దవాఖానకు పోవడానికి ఆలస్యమేమీ కాలేదు. ఎవరినీ అనడానికి లేదు.

డాక్టరు కంట్లోకి లైటు కొట్టి చూశాడు. ఎడమ చెంప మీద సూది మొనతో తాకించాడు. ఆమె కదలలేదు.

"ఇది ఒక్కసారే వచ్చింది కాదు," అన్నాడు. "ముందుగాల చిన్నగ ఒకసారి వచ్చిపోయి ఉంటది. చెంప మొద్దువారుడు, తాగంగ మూతి పక్కకెల్లి కారుడు... గట్లేమన్న ఉండెనా? అప్పుడు తీస్కస్తే మందులతోని ఆగేది."

"లేదు సార్. నిన్నటిదాంక పని చేసింది. మంచిగనే ఉండె," అన్నాడు మా ఆయన.

డాక్టరు నావైపు చూశాడు. నాకు రోజుతో సహా తెలుసు. తలుపు వాపసు వచ్చిన రోజు ఆమె తల తిప్పి రెండో చెంప పెట్టింది. దుకాణంలో మాకు వీపు చేసింది. నా చోటు అడిగి తీసుకుంది. ఆమెకు చెంప పోయిందని మేం మిషను కొన్నాం. చెంప పోయిందని చెప్తే పీట కూడా పోతుందని ఆమె దాచింది.

"లేదు," అన్నాను నేను కూడా.

పది రోజులకు ఇంటికి తెచ్చాం. నోరు పూర్తిగా పడిపోయింది. అన్నం మెత్తగా పిసికి కుడి దవడలో పెట్టేదాన్ని. కుడి చెయ్యి మాత్రం కొంచెం ఆడేది. ఒక మధ్యాహ్నం మూతి తుడుస్తుంటే ఆ చెయ్యి లేపి నా చెంప మీద పెట్టింది. పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి, మెల్లగా జరిపింది. కాయలు కాసిన ఆ అరచేతికి ఏమీ తెలియదని నాకు తెలుసు. అయినా కదలకుండా కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆ రోజు నేను..." అన్నాను. చెయ్యి జారి పక్క మీద పడింది. ఏం తేల్చుకుందో చెప్పడానికి ఆమెకు మాట లేదు.

సమ్మె ఆగింది. కరెంటు నిలకడగా వచ్చింది. దీపావళి వెళ్లిన తెల్లారి అత్తమ్మ పోయింది.

*

సుమిత్రమ్మ గృహప్రవేశం కార్తీకమాసానికి జరుపుకుంది. బల్లకు పాలిష్ మా ఆయనే పట్టాడు. నన్ను దగ్గరికి రమ్మనలేదు. తీసుకుపోయి, వాళ్ల పెద్ద కిటికీ పక్కన నిలబెట్టాం. సాయంత్రపు ఎండ పలక మీదుగా పడింది.

సుమిత్రమ్మ చుట్టూ తిరిగి చూసింది. ఒకచోట ఆగింది. "గీ దిక్కు సున్నలు సున్నలు కనవడ్తున్నయేంది చారీ?"

నేనూ చూశాను. మధ్యగీతకు ఇవతల, ఒకదాని మీద ఒకటి, వందల సున్నలు. గీతకు అవతల ఏమీ లేదు. నీళ్లు నిలిచినట్టుగా ఉంది.

మా ఆయన బల్ల మీద చెయ్యి వేశాడు. "అది మా అవ్వ రుద్దిన దిక్కమ్మా. ఆఖరికి ఆమెకు తెలుస్తలేకుండె. మల్ల గీకి పాలిష్ పట్టిస్త."

"అయ్యో, వద్దొద్దు. పెద్దమనిషి ఆఖరి పని. గట్లనే ఉండనియ్యి," అన్నది సుమిత్రమ్మ. కళ్లు తుడుచుకుంది. కొత్త వంటిల్లు చూపిస్తానని ఆయన్ను తీసుకుపోయింది.

చేతితో రుద్దితే గీతలు పడతాయి. సున్నలు పడవు. సున్నలు చుట్టేది మిషను. నేను చెప్పకున్నా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెక్క పని చేస్తున్న మనిషికి ఆ సంగతి తెలియదా?

నేను బల్లకు అవతలి దిక్కు పోయాను. ఆమె కూర్చున్న దిక్కు. వంగి, కళ్లు మూసుకుని, ఎడమ చెంప పెట్టాను. అదే మొదటిసారి. పొడుగునా జరిపాను. ఎక్కడా పట్టుకోలేదు.

అడుగుల చప్పుడైతే కళ్లు తెరిచాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. నేను నోరు తెరిచాను.

"పోదమా?" అన్నాడు.

"పోదం," అన్నాను.